తీవ్ర అనారోగ్యంతో ఐసీయూలో ఉన్న పిల్లలకు ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్లు సోకకుండా: జిల్లా ఆస్పత్రుల సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, మిర్యాలగూడ వైపు ఊళ్ల నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులకు ప్రాణాపాయ స్థితిలో చేరే పిల్లల్లో కట్లపాము కాటుకు గురైనవారు, తేలు కుట్టినవారు, పొలానికి తెచ్చిన పురుగుల మందును తెలియక తాగినవారు, డెంగీతో షాక్‌లోకి వెళ్లినవారు, న్యుమోనియాతో ఊపిరందనివారు ఉంటారు. వీరిలో చాలామందికి వచ్చిన జబ్బు నయం కాగలిగినదే. కట్లపాము కరిచిన పిల్లవాడికి వేళకు విరుగుడు మందు పడి, కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఊపిరి నిలబడితే, అతడు లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్తాడు. ఆ కొన్ని రోజుల్లోనే, అసలు జబ్బు తగ్గుముఖం పట్టిన వేళ, కొత్తగా జ్వరం మొదలై, రక్తపోటు పడిపోయి, రక్తం కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా బయటపడితే, ఆ బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకోని జబ్బుతో పోరాడవలసి వస్తుంది. అది మన దగ్గర అంటిన జబ్బు కాబట్టి, దాన్ని ఆపే బాధ్యత కూడా మనదే.

ఆస్పత్రిలో చేరిన 48 గంటల తర్వాత మొదలై, చేరేనాటికి శరీరంలో లేని ఇన్‌ఫెక్షన్‌ను సాధారణంగా ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్‌గా లెక్కిస్తారు. పిల్లల ఐసీయూలో (పీఐసీయూలో) ప్రధానమైనవి మూడు: సెంట్రల్ లైను (పెద్ద సిరలోకి పెట్టే సన్నని గొట్టం) ద్వారా రక్తంలోకి చేరేది, వెంటిలేటర్ మీద ఉండగా వచ్చే న్యుమోనియా, మూత్రం పైపు వల్ల వచ్చేది. మూడింటికీ మూలం ఒక్కటే. చర్మం, గొంతు, మూత్రమార్గం సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి ఉన్న గోడలైతే, చికిత్స కోసం మనమే ఆ గోడలకు దారులు పెడుతున్నాం. పసిపిల్లల చర్మం పలచన, రోగనిరోధక శక్తి ఇంకా ఎదుగుతూ ఉంటుంది, వారిలో కొందరికి పోషకాహార లోపం కూడా తోడవుతుంది. రక్తనాళాలు సన్నగా ఉండి కొత్త సూది దొరకడం కష్టం గనుక ఉన్న లైనునే ఎక్కువ రోజులు ఉంచుతాం, దాని నుంచే పదేపదే రక్తం తీస్తాం.

ఇక్కడే పెద్దలకూ పిల్లలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అమెరికాలో 29 పిల్లల ఐసీయూలు కలిసి చేసిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. సెంట్రల్ లైను ఇన్‌ఫెక్షన్లు అక్కడ 43 శాతం తగ్గాయి, ఆ తగ్గుదలకు ప్రధాన కారణం లైను పెట్టేటప్పటి జాగ్రత్త కంటే పెట్టిన తర్వాత రోజూ దాన్ని చూసుకున్న తీరేనని తేలింది. లైను పెట్టడం ఒక్కసారి జరిగే పని. దాన్ని ముట్టుకోవడం మాత్రం రోజుకు పదులసార్లు, అదీ ఎక్కువగా నర్సుల చేతుల మీదుగా, రాత్రి రెండింటికీ మూడింటికీ జరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఆ భాగానికి ఎక్కువ చోటిచ్చాను.

మొదటి దశ: చేతులు, నీళ్లు, సింకు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన ఐదు సందర్భాలే నేటికీ ప్రమాణం. రోగిని ముట్టుకునే ముందు, లైను పెట్టడం వంటి శుభ్రమైన పని చేసే ముందు, శరీర ద్రవాలు అంటిన తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత, రోగి పరిసరాలను ముట్టుకున్న తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలి. తర్వాత చేసే శుభ్రత మనల్ని కాపాడుతుంది గనుక అది సహజంగానే జరుగుతుంది. బిడ్డను కాపాడేది ముందు చేసే శుభ్రత, ఎక్కువగా తప్పిపోయేదీ అదే. ఐదో సందర్భాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. వెంటిలేటర్ బటన్ నొక్కి, మంచం కమ్మీ పట్టుకుని, బిడ్డను ముట్టుకోకుండా పక్క మంచానికి వెళ్లిన చేతుల మీద కూడా మొదటి మంచం సూక్ష్మజీవులు ఉంటాయి.

హ్యాండ్‌రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతులకు మురికి కనిపిస్తున్నప్పుడు, విరేచనాల రోగిని చూసినప్పుడు సబ్బు నీళ్లే వాడాలి. గాజులు, ఉంగరాలు, గడియారం, మణికట్టు దారాలు పీఐసీయూ గడప దగ్గరే తీసేయాలి, మోచేతి కింద చెయ్యి ఖాళీగా ఉండాలి. గ్లోవ్స్ వేసుకున్నంత మాత్రాన చేతుల శుభ్రత అవసరం తీరదు. వాటిని వేసుకునే ముందూ, తీసిన తర్వాతా హ్యాండ్‌రబ్ రాసుకోవాలి, ఒకే జతతో ఇద్దరు పిల్లలను ముట్టుకోకూడదు.

హ్యాండ్‌రబ్ సీసా గోడకు ఒకచోట ఉంటే సరిపోదు. ప్రతి మంచానికీ చెయ్యి చాపితే అందేలా ఒకటి ఉండాలి. సరఫరా ఆగినప్పుడు ఆస్పత్రి ఫార్మసీలోనే తయారు చేసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉంది. పది లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిజరాల్ 145 మి.లీ. తీసుకుని, మరిగించి చల్లార్చిన నీటితోగాని డిస్టిల్డ్ వాటర్‌తోగాని పది లీటర్లకు నింపాలి. ఇథనాల్ దొరకని చోట 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మి.లీ. వాడవచ్చు, మిగతా కొలతలు అవే. సీసాల్లో పోసిన తర్వాత 72 గంటలు పక్కన పెట్టి అప్పుడు వాడాలి. ఇది మంటకు అంటుకునే ద్రవం కాబట్టి నిప్పుకు దూరంగా నిల్వ చేయాలి. సగం మిగిలిన సీసాలో కొత్తది కలిపి నింపకుండా, ఖాళీ చేసి కడిగి ఆరబెట్టి నింపాలి.

నల్లగొండ ప్రాంతంలో బోరు నీళ్లు వాడే చోట కుళాయి మూతికి తెల్లటి సున్నపు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు సూక్ష్మజీవులు గూడు కట్టుకోవడానికి అనువైన చోటు. కుళాయి మూతి జాలీని క్రమం తప్పకుండా విప్పి, పెచ్చు కరిగేలా వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేయాలి, లేదా జాలీ లేని కుళాయి పెట్టించాలి. చేతులు కడిగే సింకులో మిగిలిన పాలు, సెలైన్, మందులు పారబోయడం మానాలి, ఎందుకంటే కింది గొట్టంలో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా వాటిని తిని పెరిగి, నీళ్లు పడినప్పుడు తుంపరలతో పైకి వస్తాయి. సింకుకు ఒక మీటరు లోపల మందులు కలిపే బల్ల ఉండకూడదు.

రెండో దశ: బిడ్డ లోపలికి వచ్చే వేళ

తట్టు, ఆటలమ్మ, క్షయ అనుమానం ఉన్న బిడ్డ గాలి ద్వారా మిగతావారికి జబ్బు అంటించగలడు కాబట్టి విడిగదిలో ఉంచాలి. కోరింత దగ్గు, విరేచనాలు, చిన్నపిల్లల శ్వాసనాళ వైరస్ జ్వరాలు ఉన్నవారికి గది లేకపోతే కనీసం మంచాల మధ్య మీటరుకు తగ్గని దూరం, విడి స్టెతస్కోపు, విడి థర్మామీటరు ఉండాలి. మరో ఆస్పత్రి ఐసీయూలో కొన్ని రోజులు గడిపి వచ్చిన బిడ్డ మందులకు లొంగని సూక్ష్మజీవులను మోసుకువచ్చే అవకాశం ఉంది. కల్చర్ ఫలితాలు తేలే వరకు అతడిని కూడా విడిగానే చూసుకోవాలి.

అంబులెన్సులోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, క్యాజువాల్టీ గందరగోళంలోనో హడావిడిగా పెట్టిన లైన్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పూర్తి శుభ్రతతో పెట్టారన్న భరోసా లేని సెంట్రల్ లైనును వీలైనంత త్వరగా, 48 గంటలు దాటకుండా మార్చాలి. దాని మీద “అత్యవసరంగా పెట్టింది” అని తేదీ, సమయంతో చీటీ అంటిస్తే తర్వాతి డ్యూటీవారికి తెలుస్తుంది. మన దగ్గర నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు, నీలోఫర్ పిల్లల ఆస్పత్రికో మరో చోటికో పంపేటప్పుడు కూడా ఏ లైను ఎప్పుడు ఎక్కడ పెట్టారో రిఫరల్ కాగితంలో రాయాలి.

మన ప్రాంతంలో పసిపిల్లల నడుముకు మొలతాడు, మెడలోనో చేతికో తాయెత్తు ఉండడం మామూలే. తొడ దగ్గర సెంట్రల్ లైను పెట్టినప్పుడు చెమటకూ మూత్రానికీ తడిసిన మొలతాడు సరిగ్గా డ్రెస్సింగ్ అంచున వచ్చి ఆనుతుంది, కదిలినప్పుడల్లా ఆ అంచును లేపుతుంది. దాన్ని చెప్పకుండా కత్తిరిస్తే తల్లి మనసు విరుగుతుంది, ఆపై మన మాట వినదు. “తెంపమమ్మా, జరిపి మంచానికి కడతం, బిడ్డ లేచినంక మళ్ల కట్టు” అంటే ఒప్పుకోని తల్లి అరుదు. సూది గుచ్చిన చోట విబూది, పసుపు, కొబ్బరినూనె రాయవద్దని కూడా అప్పుడే చెప్పాలి.

మూడో దశ: లైను పెట్టేటప్పుడు

ముందుగా ఆ లైను అవసరమా అని అడగాలి. చేతి సూదితో నడిచే చికిత్సకు సెంట్రల్ లైను అక్కర్లేదు. అవసరమైతే కావలసిన సామగ్రి అంతా ఒకే ట్రేలో ముందే సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే పని మధ్యలో ఏదో ఒకటి కావలసి వచ్చిన ప్రతిసారీ శుభ్రత చెదురుతుంది. పెట్టేవారు చేతులు కడుక్కుని, టోపీ, మాస్కు, స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా చేసిన) గౌను, స్టెరైల్ గ్లోవ్స్ వేసుకోవాలి, బిడ్డను తల నుంచి కాలి వరకు పెద్ద స్టెరైల్ గుడ్డతో కప్పాలి. రెండు నెలలు దాటిన పిల్లలకు ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మాన్ని రుద్ది పూర్తిగా ఆరనివ్వాలి. రెండు నెలల లోపు పిల్లల్లో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవారిలో, అది చర్మాన్ని కాల్చే ప్రమాదం ఉంది గనుక పెద్ద డాక్టరు నిర్ణయం ప్రకారం నడుచుకోవాలి. పొవిడోన్ అయోడిన్ వాడితే అది పనిచేయడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది, పూసిన వెంటనే తుడిచేస్తే ఫలితం ఉండదు.

ఒక నర్సు పక్కన నిలబడి ఈ వరుసంతా కాగితం మీద గుర్తు పెట్టాలి. ఏ అంచె తప్పినా, పెట్టేవారు ఎంత పెద్ద డాక్టరైనా, పని ఆపమని చెప్పే అధికారం ఆ నర్సుకు ఉండాలి, ఆ అధికారాన్ని విభాగాధిపతి అందరి ముందూ నోటితో చెప్పి ఇవ్వాలి. ఈ ఒక్క మాట పలకని చోట కాగితం మీద అన్ని గడులకూ టిక్కులు పడతాయి, ఇన్‌ఫెక్షన్లు మాత్రం తగ్గవు.

నాలుగో దశ: పెట్టిన లైనును రోజూ చూసుకోవడం

మందు ఇవ్వడానికి లైను మూత తెరిచే ప్రతిసారీ రక్తంలోకి ఒక తలుపు తెరుస్తున్నాం. ముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోగాని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌లోగాని తడిపిన స్టెరైల్ స్వాబ్‌తో హబ్ (సిరంజి తగిలించే లైను మూతి) పైభాగాన్నీ చుట్టూ ఉన్న మరలనూ 15 సెకన్ల పాటు గట్టిగా రుద్ది, ఆరే వరకు ఆగాలి. దూదితో ఒకసారి అలా తుడిచి సిరంజి తగిలించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. రుద్దిన హబ్ మళ్లీ దుప్పటి మీద పడితే మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. స్టీలు డబ్బాలో ఉదయం స్పిరిట్ పోసి నానబెట్టిన దూది సాయంత్రానికి ఆల్కహాల్ ఆవిరై నీళ్ల దూదిగా మిగులుతుంది, పైగా పది చేతులు అందులో ముంచి ఉంటారు. విడి ప్యాకెట్ల స్వాబ్‌లు తెప్పించడం కొంచెం ఖర్చే అయినా, ఒక్క ఇన్‌ఫెక్షన్‌కు వాడే మెరోపెనెమ్, కొలిస్టిన్ లాంటి పెద్ద యాంటీబయాటిక్‌ల ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

తలుపు తెరిచే సార్లను తగ్గించడం ఇంకా మేలు. ఉదయం ఆరింటికి ఒక పరీక్షకు, ఎనిమిదింటికి ఇంకో పరీక్షకు, పదింటికి మరచిపోయిన మూడో పరీక్షకు రక్తం తీసే బదులు రౌండ్స్‌లోనే అన్నీ తేల్చుకుని ఒక్కసారి తీయాలి. కడుపులోకి ఇవ్వగలిగిన మందును నరంలోకి ఇవ్వకూడదు. మూడు దారుల స్టాప్‌కాక్‌లను అవసరానికి మించి గొలుసులా తగిలించకూడదు. వాడని ప్రతి దారికీ కొత్త స్టెరైల్ మూత ఉండాలి. తీసిన మూతను ట్రేలో పెట్టి మళ్లీ అదే బిగించడం మానాలి.

డ్రెస్సింగ్ పారదర్శకంగా ఉంటే కింద చర్మం రోజూ కనిపిస్తుంది. దాన్ని ఏడు రోజులకు, గాజ్ (పలుచని నూలు గుడ్డ) డ్రెస్సింగ్‌ను రెండు రోజులకు మార్చాలి. ఈ గడువు కంటే ముఖ్యమైన నియమం, అంచు లేచినా తడిసినా రక్తం కనిపించినా గడువు చూడకుండా వెంటనే మార్చడం. చిన్నపిల్లల్లో డ్రెస్సింగ్ మార్చేటప్పుడు లైను ఊడివచ్చే ప్రమాదం ఉంది కనుక ఇద్దరు కలిసి చేయాలి. నిరంతరం నడిచే సెలైన్ సెట్లను (సీసా నుంచి లైను దాకా ఉండే గొట్టాలను) 96 గంటల కంటే ముందు మార్చనక్కర్లేదు, ఏడు రోజులు మించి ఉంచకూడదు. రక్తం, కొవ్వు ద్రావణాలు వెళ్లిన సెట్లను మాత్రం 24 గంటల్లో మార్చాలి. సెట్టు మీద మార్చిన తేదీ రాసి అంటించకపోతే ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు.

ఒక చిన్న అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. డ్యూటీ మొదట్లో ప్లాస్టర్‌ను ముక్కలు ముక్కలుగా చించి, చేతికి అందేలా మంచం కమ్మీకో ట్రాలీ అంచుకో వరుసగా అంటించి పెట్టుకోవడం మన వార్డుల్లో ఎటు చూసినా కనిపిస్తుంది. మంచం కమ్మీ పీఐసీయూలో అందరి చేతులూ పడే చోటు. అక్కడి మురికిని జిగురు వైపుకు అంటించుకున్న ఆ ముక్కే తర్వాత సూది గుచ్చిన రంధ్రం పక్కన అతుక్కుంటుంది. ప్రతి బిడ్డకూ విడి ప్లాస్టర్ చుట్ట ఇచ్చి, అవసరమైనప్పుడే చించాలి.

చేతి సూదుల విషయానికి వస్తే, పిల్లల్లో వాటిని ఇన్ని రోజులకని మార్చనక్కర్లేదు, కానీ ప్రతి డ్యూటీలో చూడాలి. ఎర్రబడినా, వాచినా, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చినా తీసేయాలి. చెక్కబద్దతో కట్టి, పైనుంచి ప్లాస్టర్‌తో పూర్తిగా కప్పేస్తే లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి సూది మొన ఉన్న చోటు బయటకు కనిపించేలా కట్టాలి.

రెండు నెలలు దాటిన పిల్లలకు రోజూ 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో ముఖం, గాయాలు తప్పించి ఒళ్లు తుడవడం రక్తపు ఇన్‌ఫెక్షన్లను తగ్గించే పద్ధతుల్లో ఒకటిగా గుర్తింపు పొందింది.

అన్నింటికంటే బలమైన నివారణ, లైను తీసేయడమే. ప్రతి ఉదయం రౌండ్స్‌లో ప్రతి మంచం దగ్గరా “ఈ లైను ఈ రోజు ఎందుకు?” అని పైకి అడగాలి, జవాబు కేస్ షీటులో రాయాలి. “మళ్లీ దొరకదేమో” అన్నది తగిన కారణం కాదు.

ఐదో దశ: వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ

తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. నెలల పిల్లల్లో కాస్త తక్కువ ఎత్తు చాలు, షాక్‌లో ఉన్నవారికీ వెన్నెముక దెబ్బ అనుమానం ఉన్నవారికీ డాక్టరు చెప్పినట్టు చేయాలి. ఎత్తును కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే ఉంటుంది, అందుకే గోడ మీదో మంచం మీదో గుర్తు గీసుకోవాలి. శ్వాసనాళంలో పెట్టిన ట్యూబు కఫ్ (ట్యూబు చుట్టూ ఉబ్బే బుడగ) పీడనం 20 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర, 25 దాటకుండా ఉండాలి. తక్కువైతే నోటి ఊట ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, ఎక్కువైతే శ్వాసనాళం గోడ దెబ్బతింటుంది.

వెంటిలేటర్ గొట్టాల్లో (సర్క్యూట్‌లో) చేరే నీటిని బిడ్డ వైపు కాకుండా బయటికి వంచి పారబోయాలి. ఆ నీరు చూడటానికి శుభ్రంగా ఉన్నా నిండా సూక్ష్మజీవులుంటాయి, మంచం తిప్పేటప్పుడు అది ఒక్కసారిగా ట్యూబులోకి పోవచ్చు. సర్క్యూట్‌ను మురికి పడితేనో పాడైతేనో మార్చాలి, రోజుల లెక్కన మార్చడం వల్ల లాభం లేదు. గాలికి తడినిచ్చే హ్యూమిడిఫయర్‌లో, మందును ఆవిరిలా ఇచ్చే నెబ్యులైజర్‌లో స్టెరైల్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీరు, ఫిల్టరు నీరు, సీసా నీరు పనికిరావు. మిగిలిన నీటిమీద కొత్త నీరు నింపకుండా, పారబోసి నింపాలి. ఆక్సిజన్ బుడగలు వచ్చే సీసాకు కూడా ఇదే నియమం.

సక్షన్‌ను (కఫం లాగడాన్ని) వేళల ప్రకారం కాకుండా అవసరం కనిపించినప్పుడు చేయాలి, ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేసే అలవాటు మానాలి. నోటికి, ట్యూబుకు ఒకే క్యాథెటర్ వాడవలసి వస్తే ముందు ట్యూబు, తర్వాత నోరు. ఆ వరుస ఎన్నడూ తిరగబడకూడదు. పళ్లు వచ్చిన పిల్లలకు మెత్తని బ్రష్‌తో పళ్లు తోమాలి, రాని పిల్లలకు శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్లు తుడవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు అందరికీ ఇవ్వకూడదు, ఎందుకంటే ఆమ్లం లేని కడుపులో సూక్ష్మజీవులు పెరిగి పైకి చేరతాయి. మత్తు మందును రోజూ తగ్గించి చూసి, బిడ్డ సొంతంగా ఊపిరి తీయగలడా అని పరీక్షించాలి, ఎందుకంటే ఇక్కడ కూడా ట్యూబు ఎంత త్వరగా తీస్తే అంత మేలు.

మూత్రం పైపుకు చెప్పవలసింది కొద్దిగానే ఉంది. చాలామంది పిల్లలకు అది అవసరమే లేదు, డైపర్‌ను తూకం వేసి మూత్రం లెక్కించవచ్చు. పెడితే స్టెరైల్ పద్ధతిలో పెట్టాలి. గొట్టం, సంచి ఎక్కడా విడదీయకూడదు, సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఖాళీ చేయడానికి ప్రతి బిడ్డకూ విడి పాత్ర ఉండాలి.

ఆరో దశ: మందులు, సెలైన్, పాలు

ఒక సెలైన్ సీసాకు సూది గుచ్చి ఉంచి, వార్డంతటికీ లైన్లు కడిగే ఫ్లష్ కోసం అందులోంచే లాగడం ప్రాణాలు తీసే అలవాటు. అందులోకి ఒక్కసారి సూక్ష్మజీవి చేరితే, వెచ్చటి గదిలో కొన్ని గంటల్లో లక్షలుగా పెరిగి, ప్రతి మంచానికీ సిరంజితో నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఫ్లష్‌కు 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూళ్లు వాడి, ఒకదాన్ని ఒక బిడ్డకే ఒక్కసారే వాడి పారేయాలి. హెపారిన్, మిడజోలం, పొటాషియం లాంటి వయల్స్‌ను కూడా ఒకరికి వాడినవి మరొకరికి వాడకుండా ఉండటమే మేలు. తప్పనప్పుడు తెరిచిన తేదీ రాసి, మందుల బల్ల దగ్గరే ఉంచి, ప్రతిసారీ రబ్బరు మూతను ఆల్కహాల్‌తో రుద్ది, కొత్త సూది, కొత్త సిరంజి వాడాలి.

కడుపులోకి పాలు వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. తల్లిపాలున్న బిడ్డకు ఐసీయూలోనూ తల్లిపాలే ఇవ్వాలి. పిండే ముందు తల్లి చేతులు కడుక్కోవాలి, ఉడికించి ఆరబెట్టిన గిన్నె ఆమెకు ఆస్పత్రే ఇవ్వాలి. డబ్బా పాలు కలిపితే నాలుగు గంటలకు మించి ట్యూబుకు వేలాడదీయకూడదు. ఎండాకాలంలో మన దగ్గర వేడి వల్ల కరెంటు పోయినప్పుడు ఆ గడువును ఇంకా తగ్గించుకోవాలి. ఎంత ఎండగా ఉన్నా నీళ్ల కూలరును పీఐసీయూలోకి రానివ్వకూడదు, అది నిల్వ నీటిలోని సూక్ష్మజీవులను గాలిలోకి చల్లుతుంది.

ఏడో దశ: పరికరాలు, నేల, చెత్త

ట్యూబు వేసేటప్పుడు గొంతు చూసే లారింగోస్కోప్ బ్లేడు, చేతితో ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగు మాస్కు లాంటివి నోటి పొరలను తాకుతాయి కాబట్టి స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. ముందు సబ్బు నీళ్లతో కడిగి మురికి పోగొట్టి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు పూర్తిగా ముంచి, స్టెరైల్ వాటర్‌తో కడిగి, ఆరబెట్టి, మూసి ఉంచాలి. కడగకుండా ముంచితే ఎండిన కఫం పొర కింద సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో శుద్ధి) చేయగలిగినవాటిని ఆటోక్లేవే చేయాలి. స్టెతస్కోపు మంచానికొకటి ఉండాలి, డాక్టర్ల సెల్‌ఫోన్లను కూడా ఆల్కహాల్‌తో తుడవాలి.

నేలను చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. శుభ్రమైన చోటు నుంచి మురికి చోటుకు, పై నుంచి కిందికి రావాలి. అందరి చేతులూ పడే కమ్మీలు, మానిటర్ బటన్లు, తలుపు పిడులు, ఇన్ఫ్యూషన్ పంపులను ప్రతి డ్యూటీలో తుడవాలి. రక్తం ఒలికితే 1 శాతం హైపోక్లోరైట్ పోయాలి. 5 శాతం ద్రావణం ఒక పాలుకు నీళ్లు నాలుగు పాళ్లు కలిపితే అది వస్తుంది, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. చెత్త విషయంలో 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గొట్టాలు, సూది లేని సిరంజిలు ఎరుపులో, సూదులు తెల్లని గుచ్చుకుపోని డబ్బాలో, గాజు వయల్స్ నీలం డబ్బాలో వేయాలి. ఈ పనంతా చేసేది ఎక్కువగా కాంట్రాక్టు సఫాయి కార్మికులు. వారికి హెపటైటిస్ బి టీకా వేయించకుండా, గట్టి గ్లోవ్స్ ఇవ్వకుండా, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో చెప్పకుండా వారి నుంచి శుభ్రతను ఆశించడం న్యాయం కాదు. సూది గుచ్చుకున్నవారికి హెచ్‌ఐవీ నివారణ మందు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటకూడదు.

ఎనిమిదో దశ: తల్లిదండ్రులను కలుపుకోవడం

తల్లిని బయట నిలబెట్టడం వల్ల ఇన్‌ఫెక్షన్ తగ్గదు, బిడ్డ మాత్రం బెదిరిపోతుంది. ఒక బిడ్డకు ఒక్కరు, రోజూ ఒకే మనిషి ఉంటే మంచిది. చేతులు కడగడం చూపించి, ఆమెతో చేయించి, చూడాలి. పక్క మంచం బిడ్డను ఎత్తుకోవద్దని, దగ్గు జలుబు ఉన్న చుట్టాలను లోపలికి పంపవద్దని చెప్పాలి. “సిస్టర్, చేతులు కడిగిన్రా?” అని అడిగే హక్కు ఆమెకు ఉందని గోడ మీద రాయడమే కాక, మొదటి రోజే నోటితో చెప్పాలి. అలా అడిగిన తల్లిని కసిరితే ఆ వార్డులో ఇంకెవరూ అడగరు.

తొమ్మిదో దశ: జ్వరం వచ్చినప్పుడు

కొత్త జ్వరం, ఒళ్లు చల్లబడటం, ఊపిరి ఆగి ఆగి రావడం, లైను ఫ్లష్ చేసిన కాసేపటికే వణుకు, కఫం రంగు మారి వెంటిలేటర్ అవసరం పెరగడం వంటివి కనిపిస్తే యాంటీబయాటిక్ ఇచ్చే ముందే కల్చర్లు తీయాలి, అయితే షాక్‌లో ఉన్న బిడ్డకు కల్చర్ కోసం మందు ఆలస్యం కాకూడదు. సెంట్రల్ లైను ఉంటే అందులోంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి తీయాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి, వాటి మైక్రోబయాలజీ విభాగాలతో పీఐసీయూకు రోజువారీ మాట ఉండాలి. 48 నుంచి 72 గంటల్లో ఫలితం చూసి, మందును తగ్గించడమో ఆపడమో చేయాలి. పెద్ద మందును అలవాటుగా పదిరోజులు కొనసాగిస్తే, తర్వాత వచ్చే బిడ్డకు ఏ మందూ పనిచేయని పరిస్థితి మనమే తెచ్చిపెట్టినట్టు.

పదో దశ: లెక్క పెట్టడం

రోజూ ఒకే వేళకు ఎంతమంది పిల్లలకు సెంట్రల్ లైను ఉందో, ఎంతమంది వెంటిలేటర్ మీద ఉన్నారో, ఎంతమందికి మూత్రం పైపు ఉందో ఒక రిజిస్టరులో రాయాలి. ఒక బిడ్డకు రెండు లైన్లున్నా ఆ రోజుకు ఒకటిగానే లెక్క. ఆ సంఖ్యల మొత్తమే లైను రోజులు. ఇన్‌ఫెక్షన్ల సంఖ్యను లైను రోజులతో భాగించి వెయ్యితో గుణిస్తే రేటు వస్తుంది. ఉదాహరణకు 200 లైను రోజుల్లో రెండు ఇన్‌ఫెక్షన్లు వస్తే, వెయ్యి లైను రోజులకు పది. చిన్న యూనిట్‌లో ఒక్క కేసుకే నెల రేటు ఎగిరిపడుతుంది గనుక మూడు నెలలకొకసారి కలిపి చూడాలి. ప్రతి ఇన్‌ఫెక్షన్ మీదా వారం లోపల డాక్టర్లు, నర్సులు కూర్చుని ఆ లైను ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో పెట్టారు, ఎన్ని రోజులు ఎందుకుంచారు, ఆ రాత్రి ఒక్కో నర్సుకు ఎంతమంది పిల్లలున్నారు అని వెతకాలి. ఒక్క నర్సు నలుగురు వెంటిలేటర్ పిల్లలను చూసిన రాత్రి హబ్‌ను 15 సెకన్లు రుద్దలేదని ఆమెను నిలదీసి లాభం లేదు, ఆ లోపం సూపరింటెండెంట్ బల్ల మీదికి చేరాలి.

ఒకే వారంలో ఇద్దరు పిల్లలకు ఒకే సూక్ష్మజీవి, ఒకే మందుల వరుసకు లొంగని తీరుతో వస్తే అది యాదృచ్ఛికం కాదనే అనుకుని అదే రోజు పని మొదలుపెట్టాలి. ఆ పిల్లలను ఒక పక్కకు చేర్చి, వారికి విడి నర్సును కేటాయించాలి. తెరిచి ఉన్న సెలైన్, హెపారిన్, స్పిరిట్ దూది డబ్బాలు, సబ్బు సీసాలు, హ్యూమిడిఫయర్ నీరు వాడకం నుంచి తప్పించాలి, కానీ పారేయకుండా ముందు వాటి నుంచీ సింకు నుంచీ నమూనాలు తీయాలి. ఆ ఇద్దరు పిల్లల కల్చర్ ప్లేట్లను పారవేయకుండా భద్రపరచమని మైక్రోబయాలజీ వారికి ఫోన్ చేసి చెప్పి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రిజిస్టరులో రాసుకోవాలి.